స్తంభాల్లో బందీ అయిన బొగ్గు

సింఘాలీ గనిలో కొత్త ప్రయోగం - భిలాయ్ లాంటి ఉక్కు నగరాలకూ ఆసక్తికరమే

భిలాయ్: ఈ ఉక్కు నగరానికి కావలసిన ముడి ఖనిజాలు చాలావరకు వెలుతురులోనే దొరుకుతాయి. ఇనుప ఖనిజాన్ని దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ-రాజహరా కొండలను అంచెలంచెలుగా చెక్కి తెస్తారు. సున్నపురాయి నందిని నుంచి, డోలమైటు హిర్రీ నుంచి వస్తాయి. ఇవన్నీ ఆకాశం కనిపించే గనులే. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు ఈ కర్మాగారం నిర్మాణమైంది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నాటి నుంచీ భిలాయ్ వాసులకు గని అంటే కొండే.

బొగ్గు సంగతి వేరు. భిలాయ్‌తో సహా ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ సెయిల్ కర్మాగారాలు వాడే కోకింగ్ బొగ్గులో అత్యధిక భాగం ఓడల మీద, ముఖ్యంగా ఆస్ట్రేలియా నుంచి వస్తోంది. భిలాయ్ వాటా విశాఖపట్నం తీరంలో దిగి, తూర్పు కనుమలు దాటి రైలు మార్గంలో ఛత్తీస్‌గఢ్ చేరుతుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉపాధి వెతుక్కుంటూ భిలాయ్ వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ప్రయాణించిన దారి కూడా అదే.

దేశంలో కోకింగ్ బొగ్గు లేక కాదు. ప్రథమ శ్రేణి కోకింగ్ బొగ్గుకు ఝార్ఖండ్‌లోని ఝరియా పెట్టింది పేరు. అయితే నూరేళ్లకు పైగా తవ్విన ఆ గనుల్లో ఎంతో బొగ్గు నేటికీ స్తంభాల రూపంలో పాతాళంలో నిలబడి ఉంది. పైన ఊళ్లు, రైలు మార్గాలు, రహదారులు ఉన్నాయి. కింద స్తంభం తీస్తే పైన ఊరు కుంగుతుంది. తీయకపోతే ఆ బొగ్గు ఉన్నా లేనట్టే. భూగర్భ గనులున్న ప్రతిచోటా, మన సింగరేణితో సహా, ఈ చిక్కుముడి ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంది.

దాన్ని విప్పే ప్రయత్నం ఒకటి భిలాయ్‌కి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, ఇదే రాష్ట్రంలోని కోర్బాలో మొదలైంది. అక్కడి సింఘాలీ భూగర్భ గనిలో బొగ్గు తీసిన ఖాళీని ముద్దలాంటి మిశ్రమంతో నింపుతూ తవ్వకం సాగించేందుకు కోల్ ఇండియా అనుబంధ సంస్థ సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ 2025 జూలైలో టీఎంసీ మినరల్ రిసోర్సెస్ అనే ప్రైవేటు సంస్థతో 7,040 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వ రంగ బొగ్గు సంస్థల్లో ఈ పద్ధతిని చేపట్టిన మొదటి సంస్థ ఇదే.

గదులు, స్తంభాలు

భూగర్భంలో బొగ్గు పొర పరుపులా పరుచుకుని ఉంటుంది. దానిని మొత్తంగా ఒక్కసారి తీస్తే పైనున్న రాయి కూలుతుంది. అందువల్ల మొదట పొరలో నిలువుగా, అడ్డంగా సొరంగ మార్గాలు తొలుస్తారు. వాటి మధ్య చదరపు బొగ్గు దిమ్మెలు మిగులుతాయి. పైనుంచి చూడగలిగితే చదరంగం బల్లలా, లేదా వీధులు తీర్చిన కొత్త కాలనీలా ఉంటుంది. వీధులు గ్యాలరీలు, ఇళ్ల స్థలాలు పిల్లర్లు. ఇదే బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి. లోహపు గనుల్లో దీనినే గది-స్తంభం పద్ధతి అంటారు.

ఇక్కడి తిరకాసు లెక్కల్లో ఉంది. లోతు పెరిగేకొద్దీ పైబరువు పెరుగుతుంది, స్తంభం లావుగా ఉండాలి. ఏ లోతున ఎంత స్తంభం వదలాలో 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు పట్టిక వేసి చెప్పాయి. 60 మీటర్ల లోతు వరకు, గ్యాలరీ వెడల్పు 3 మీటర్లు మించకపోతే, ఒక స్తంభం నడిమి నుంచి పక్క స్తంభం నడిమికి కనీసం 12 మీటర్లు ఉండాలి. 150 నుంచి 240 మీటర్ల లోతులో 4.8 మీటర్ల గ్యాలరీ తొలిచే పక్షంలో ఆ దూరం 34.5 మీటర్లు.

రెండో అంకెను కాస్త విడదీసి చూద్దాం. గ్యాలరీ పోగా స్తంభం ఒక్కొక్క భుజం 29.7 మీటర్లు. విస్తీర్ణాల నిష్పత్తి కడితే పొరలో నూటికి 74 పాళ్లు స్తంభాల్లోనే ఉండిపోతుంది. మార్గాలు తొలిచినప్పుడు చేతికొచ్చేది నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే. 200 మీటర్ల లోతున అలాంటి ఒక్క స్తంభం నెత్తిన ఉండే రాతి బరువు దాదాపు ఆరు లక్షల టన్నులు. పొర మందం 3 మీటర్లనుకుంటే ఆ స్తంభంలో ఉండే బొగ్గు మూడున్నర వేల టన్నులకు కాస్త పైన. మూడున్నర వేల టన్నులను తీసుకుంటే ఆరు లక్షల టన్నులకు ఆసరా పోతుంది. స్తంభాల వెలికితీతలోని సమస్య అంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

వెనక్కి నడిచే తవ్వకం

స్తంభాలు తీయడాన్ని గని కార్మికులు డీపిల్లరింగ్ అంటారు. మార్గాలు తొలిచేటప్పుడు ముందుకు నడిచిన గని, ఇప్పుడు వెనక్కి నడుస్తుంది. సరిహద్దు దగ్గరి స్తంభంతో ఆరంభించి, ముఖద్వారం వైపు తిరిగి వస్తూ ఒక్కొక్కటీ తీస్తారు. పెద్ద స్తంభాన్ని మధ్యలో చీల్చి చిన్న దిమ్మెలు చేస్తారు. వీటి పేరు స్టూక్. ప్రతి దిమ్మె నుంచి ముక్కలు కోస్తూ, తవ్వేసిన ఖాళీకి ఆనుకుని సన్నటి బొగ్గు గోడ వదులుతారు. ఆ గోడ నిలబడేది కొద్దిసేపే. మనుషులు, యంత్రాలు బయటపడే దాకా నిలిస్తే దాని పని అయిపోయినట్టే.

తవ్వేసిన ఖాళీని గోఫ్ అంటారు. అందులో పైకప్పు కూలడం ప్రమాదం కాదు, కూలాలి. కూలకపోతేనే ప్రమాదం. గట్టి ఇసుకరాతి కప్పు విశాలంగా వేలాడుతూ కూలకుండా మొండికేస్తే దాని బరువంతా పక్క స్తంభాల మీదికి మళ్లుతుంది. చివరికి ఒక్క ఉదుటున పడినప్పుడు లోపలి గాలి తుపానులా గ్యాలరీల్లోకి దూసుకొస్తుంది. ఆ గాలి దెబ్బకే మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. అందువల్ల కొన్నిచోట్ల పైకప్పును కావాలనే పేల్చి కూలుస్తారు. ఇల్లు కూలకుండా చూసుకోవడమే ఎరిగిన మనకు ఇది వింతగా తోస్తుంది.

కప్పు కూలే ముందు సూచనలు ఇస్తుందని అనుభవజ్ఞులైన కార్మికులు అంటారు. కర్ర ప్రాపులు కిర్రుమంటాయి, స్తంభాల పక్కలు రాలుతాయి, పైన చిటపటలు వినిపిస్తాయి. కర్ర ప్రాపుల స్థానంలో ఉక్కు బోల్టులు వచ్చాక కప్పు పట్టు పెరిగింది, కానీ కిర్రుమనే ఆ పాత హెచ్చరిక మాత్రం తగ్గింది. ఇప్పుడు కదలికలను కొలిచే పరికరాలు అమరుస్తున్నారు.

మరో శత్రువు నిప్పు. గోఫ్‌లో మిగిలిన బొగ్గు తునకలు గాలి తగిలి నెమ్మదిగా వేడెక్కి తమంతట తామే అంటుకుంటాయి. అందుచేత గనిని చిన్న చిన్న ప్యానెళ్లుగా విభజించి, బొగ్గు రాజుకునే లోపే ఒక ప్యానెల్ స్తంభాలన్నీ తీసి, గోడ కట్టి మూసేస్తారు. అంటే ఈ పనిలో తొందరపడినా ముప్పే, ఆలస్యం చేసినా ముప్పే. ఝరియాలో 1916లో మొదటిసారి నమోదైన నిప్పు తదనంతరం ఎన్ని గనులకు పాకిందో తెలిసినవారికి ఆలస్యం ఖరీదు వేరే చెప్పనక్కరలేదు.

ఆశ ఎక్కువై...

స్తంభం విషయంలో పొదుపు చేసినవారు, పేరాశ పడినవారు చెల్లించిన మూల్యం ప్రపంచానికి తెలిసినదే. 1960 జనవరి 21న దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ గనిలో దాదాపు 900 స్తంభాలు వరసగా నలిగిపోయి, 435 మంది కార్మికులు సజీవ సమాధి అయ్యారు. ఒక స్తంభం తన బరువును పక్కదాని మీదికి నెడితే అది మోయలేక మరోదానిమీదికి నెడుతుంది. ఈ గొలుసు మొదలయ్యాక ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ దుర్ఘటన తర్వాతే స్తంభాల బలాన్ని శాస్త్రీయంగా లెక్కించే ప్రయత్నం గట్టిగా సాగింది. సాలమన్, మన్రో అనే పరిశోధకులు నిలిచిన స్తంభాలను, కూలిన స్తంభాలను పోల్చి చూసి 1967లో ప్రకటించిన సూత్రాన్ని నేటికీ గని ఇంజనీర్లు చదువుతారు. మన దేశంలో ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల పరిశోధన సంస్థ ఇక్కడి రాళ్ల తీరును బట్టి వేరే సూత్రం రూపొందించింది.

అయినా సూత్రం తెలిసిన దేశాల్లోనే తప్పులు జరిగాయి. అమెరికాలో యూటా రాష్ట్రంలోని క్రాండాల్ కేన్యన్ గనిలో, చుట్టుపక్కల తవ్వకం ముగిశాక మిగిలిన పెద్ద అడ్డుస్తంభాలలోని బొగ్గును కూడా తీయబోయారు. 2007 ఆగస్టు 6న స్తంభాలు పేలిపోయి ఆరుగురు లోపల చిక్కుకున్నారు. పది రోజుల తర్వాత వారిని కాపాడబోయిన ముగ్గురు మరణించారు. ఆ ఆరుగురి భౌతికకాయాలు నేటికీ కొండ కిందే ఉన్నాయి.

మన చాస్‌నాలా మాటేమిటి? 1975 డిసెంబరు 27న పాత గనిలో నిలిచిన నీరు అడ్డుగోడను ఛేదించుకుని వచ్చి 375 మందిని ముంచేసింది. అది డీపిల్లరింగ్ ప్రమాదం కాదు, కాని ప్రాణాలకూ నీటికీ మధ్య ఎంత బొగ్గు వదలాలన్న ప్రశ్నే అక్కడా ఉంది. చాస్‌నాలా అప్పట్లో ఇండియన్ ఐరన్ అండ్ స్టీల్ కంపెనీది. 2006లో ఆ కంపెనీ సెయిల్‌లో విలీనమైంది. ఆ విధంగా అది నేడు భిలాయ్ కర్మాగారానికి తోబుట్టువు.

సింగరేణి ప్రాంత పాఠకులకు 2003 సంవత్సరం గుర్తుండే ఉంటుంది. ఆ జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది, అక్టోబరులో 8-ఏ ఇన్‌క్లైన్‌లో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు.

యంత్రం వచ్చిన తర్వాత

పైకప్పు కింద మనిషి ఉండే సమయాన్ని తగ్గించడమే యంత్రాలను తేవడానికి చెప్పిన ప్రధాన కారణం. కంటిన్యువస్ మైనర్ అనే యంత్రం పేలుడు పదార్థాలతో పనిలేకుండా బొగ్గును చెక్కి తనే ఎత్తిపోస్తుంది. దాన్ని నడిపే మనిషి గోఫ్ అంచున కాక, బోల్టులు వేసిన కప్పు కింద దూరంగా నిలబడి రిమోట్‌తో నడపవచ్చు. మన దేశంలో ఆధునిక కంటిన్యువస్ మైనర్ 2002లో ఛత్తీస్‌గఢ్‌లోనే, చిరిమిరి ప్రాంతపు అంజన్ హిల్ గనిలో దిగింది. 2006లో సింగరేణి దాన్ని కొత్తగూడెం వీకే-7 గనికి తెచ్చింది. అయితే యంత్రం అన్ని ప్రమాదాలకూ విరుగుడు కాదు. అదే అంజన్ హిల్ గనిలో 2010 మే 6న సంభవించిన పేలుడుకు 14 మంది బలయ్యారు.

యంత్రం అంటే ఛత్తీస్‌గఢ్ కార్మికులకు మరో జ్ఞాపకం కూడా ఉంది. దల్లీ-రాజహరా గనుల్లో పూర్తి యాంత్రీకరణ జరిగితే చేతిపని మీద బతికే వేలమంది వీధిన పడతారని కార్మిక నేత శంకర్ గుహా నియోగి వాదించారు. యంత్రం వద్దనలేదు, మనిషినీ యంత్రాన్నీ కలిపి నడిపే అర్ధ యాంత్రీకరణను ప్రతిపాదించారు. ఆయన 1991 సెప్టెంబరు 28న ఈ భిలాయ్‌లోనే నిద్రలో ఉండగా హత్యకు గురయ్యారు. కొండ గనిలో యంత్రం లాక్కునేది ఉపాధిని. స్తంభం తీసే గనిలో అది ఉపాధితో పాటు మృత్యువును కూడా కొంత దూరం నెడుతుంది. రెండు చోట్లా ఒకే నినాదం పనికిరాదు.

ఖాళీని నింపడమెలా?

కప్పు కూల్చే పద్ధతిలో మనుషులను కాపాడినా, నేలను కాపాడలేం. తవ్విన మందంలో సగం దాకా పైన నేల కుంగే సందర్భాలు ఉన్నాయి. చెరువులు ఇంకిపోతాయి, గోడలు బీటలు వారతాయి, బావుల నీరు కిందికి జారుతుంది. అందుకే ఊరి కింద స్తంభాలు తీయాలంటే ఆ చోటును మరోదానితో నింపక తప్పదు. ఇది కొత్త సంగతేమీ కాదు. ఇసుక నింపడానికి నిధి కూర్చేందుకు 1939లోనే బ్రిటిష్ ప్రభుత్వం ఒక చట్టం చేసి బొగ్గుపై సుంకం విధించింది. ఝరియాకు దామోదర్ ఇసుక, సింగరేణికి గోదావరి ఇసుక గొట్టాల ద్వారా నీటితో కలిపి పంపారు.

ఇసుకతో రెండు ఇబ్బందులు. నీరు కారిపోయాక ఇసుక కుదించుకుని కప్పుకూ దానికీ మధ్య సందు మిగులుతుంది. కారిన నీటిని మళ్లీ పైకి తోడాలి. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇసుకే దొరకకపోవడం. ఊళ్లలో మేడలు పెరిగేకొద్దీ నది ఇసుకకు గని కంటే మంచి ధర ఇచ్చే గిరాకీ ఏర్పడింది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ మట్టిదిబ్బల నుంచి ఇసుకను తయారు చేసుకోవడం ఈ కొరత వల్లనే.

సింఘాలీలో చేపట్టిన పేస్ట్ ఫిల్ పద్ధతిలో ఇసుక స్థానంలో విద్యుత్ కేంద్రాల బూడిద, ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి వచ్చిన రాయి పొడి, సిమెంటు, నీరు, గట్టిపరిచే రసాయనాలు కలిపి చిక్కటి ముద్ద చేసి కిందికి నెడతారు. అది నీరు కార్చకుండా గడ్డకట్టి, తీసిన బొగ్గు స్థానంలో తానే స్తంభమవుతుంది. కోర్బాలో బూడిదకు కొరత లేదు. ఆ పట్టణం చుట్టూ ఉన్న విద్యుత్ కేంద్రాల బూడిద చెరువులు ఎండాకాలంలో గాలికి లేచి ఇళ్ల మీద పడటం అక్కడివారి నిత్య ఫిర్యాదు. ఆ బూడిదకు పాతాళంలో చోటు దొరికితే పైనున్నవారికి ఒక బాధ తగ్గుతుంది. అయితే బూడిదలోని లోహాలు భూగర్భ జలంలో కలవకుండా చూసే బాధ్యత కాగితం మీద కాక బావుల దగ్గర కనిపించాలి. ఊరివారు అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

సింఘాలీ గనికి 1989లో అనుమతి లభించింది. ఏడాదికి 2.4 లక్షల టన్నుల సామర్థ్యంతో 1993లో పని ప్రారంభమైంది. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలోనే గనిని అభివృద్ధి చేశారు. పైన గ్రామాలు, హైటెన్షన్ విద్యుత్ లైన్లు, ప్రజాపనుల శాఖ రహదారి ఉండటంతో కప్పు కూల్చి బొగ్గు తీసే వీలు లేకుండా పోయింది. తీయగల నిల్వలు 84.5 లక్షల టన్నులు. వీటిని 25 ఏళ్లలో వెలికితీయాలన్నది ఒప్పందం.

ఏడువేల నలభై కోట్లను ఈ టన్నులతో భాగిస్తే టన్నుకు 8,300 రూపాయలకు పైగా వస్తుంది. ఆకాశం కింద తవ్వే కోర్బాలోని గేవ్రా, కుస్‌ముండా వంటి మహా గనుల పక్కన ఈ బొగ్గు చౌక కాదు. మరి ఎందుకీ ప్రయాస? ఓపెన్‌కాస్ట్ గనికి అడవి కావాలి, పొలం కావాలి, ఊరు ఖాళీ చేయించాలి. ఆ ఖర్చులో చాలా భాగం బొగ్గు ధరలో కనపడదు, నిర్వాసితుల ఇళ్లల్లో కనపడుతుంది. రెండు పద్ధతులను ఒకే త్రాసులో తూచాలంటే ఆ బరువును కూడా అటువైపు వేయాలి. భూగర్భ గనుల ఉత్పత్తిని 2030 నాటికి ఏడాదికి 10 కోట్ల టన్నులకు చేర్చాలని కేంద్ర బొగ్గు శాఖ లక్ష్యం పెట్టుకుంది. ప్రస్తుతం దేశంలో తవ్వే బొగ్గులో భూగర్భ గనుల వాటా అతి స్వల్పం కాగా, 1970లలో బొగ్గు పరిశ్రమ జాతీయీకరణ జరిగిన నాటికి అధిక భాగం వాటిదే.

సింఘాలీ బొగ్గు జీ-7 శ్రేణి, కోకు తయారీకి పనికిరాదు. అది భిలాయ్ ఫర్నేసుల దాకా రాదు, విద్యుత్ కేంద్రాలకే సరిపోతుంది. భిలాయ్‌కి అక్కడ పని ఉన్నది బొగ్గుతో కాదు, పద్ధతితో. ఊరిని కదల్చకుండా స్తంభం తీయడం కోర్బాలో సాధ్యమని తేలితే, టన్ను ధర ఎక్కువ పలికే కోకింగ్ బొగ్గు విషయంలో ఝరియాలో ఆ ఖర్చు భరించడం సులభమవుతుంది. దిగుమతి బొగ్గుకు చెల్లించే విదేశీ మారకంతో పోల్చుకునే అవకాశం అక్కడుంది. పాత ప్రైవేటు యజమానులు నకళ్లు కూడా సరిగా దాచకుండా, ఒక పొర మీద ఒక పొరగా అడ్డదిడ్డంగా తొలిచి వదిలిన గనుల్లో, నిప్పు పక్కనే, ఆ పని ఎంత కష్టమన్నది మాత్రం వేరే లెక్క.

ఈలోగా స్తంభాలు ఊరకే నిలబడి ఉండవు. తేమకూ గాలికీ బొగ్గు పక్కలు పెచ్చులూడుతూ, ఏటికేడు సన్నబడుతుంది. సింఘాలీలో 1993 తర్వాత తొలిచిన గ్యాలరీల పక్కన నిలిచినవాటిలో కొన్నింటి వయసు ఇప్పటికే మూడు దశాబ్దాలు దాటింది. ఒప్పందం గడువు ముగిసే నాటికి 2050 వస్తుంది.